మూడో సీసా

జూన్ 12

నాచు వచ్చింది. రామేశ్వరం వైపు నుంచి, గోనెసంచిలో, మూడు బస్సులు మారి. పాల్వంచ బస్టాండు పార్సిల్ గదిలో గుమాస్తా ముక్కు మూసుకుని కూర్చున్నాడు — "ఎండు చేపలా మేడం? రూమంత గబ్బు లేసింది." కాదయ్యా, సముద్రపు నాచు. "దేనికి?" వాపులకు మందు. సంచి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "జల్దీ తీస్కపోండ్రి."

ఆటోలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. సీటంతా నాదే. హాయి.

జూన్ 13

కడగడం, ఆరబెట్టడం, దంచడం. కాలేజీ మేడ మీద పరిస్తే కాకి కూడా వాలలేదు. మెచ్చుకున్నది ముత్తమ్మ ఒక్కతే. నేను ఈ ఫార్మసీ కాలేజీలో పాఠాలు మొదలుపెట్టక ముందు నుంచీ ఆమే ల్యాబు అటెండరు. ఒక ముక్క వేళ్ళ మధ్య నలిపి చూసి — "మంచిగ పులుస్తది మేడం ఇది. జిగురుంది."

నీ నోట్లో చక్కెర పొయ్యా, ముత్తమ్మా.

జూన్ 15

వరంగల్ నుంచి గైడు సారు ఫోన్. "అమ్మా సరోజా, ఇదే ఆఖరి గడువు. ఆగస్టులో కమిటీ కూర్చుంటుంది. చేతిలో ఒక్క ఫలితమైనా లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. నేను కూడా ఏం చేయలేను." సరే సార్ అన్నాను. ఇంకేమంటాను.

నాచును పులియబెడితే అందులో ఉన్న పెద్ద పెద్ద పదార్థాలు విరిగి చిన్నవవుతాయి, వాపు తగ్గించే గుణం పెరుగుతుంది — ఇదీ నా పీహెచ్‌డీ. ఏడేళ్ళుగా పులియబెడుతున్నాను. గుణం పెరగలేదు. నా బరువు పెరిగింది.

ఈయన థర్మల్ ప్లాంటులో బి షిఫ్టుకు బయల్దేరుతూ — "మా అమ్మ దోశపిండి ఒక్క రాత్రిల పులుస్తది. నీ నాచుకు ఏడేండ్లు." చెప్పు తీసి విసిరాను. ఆయనకు తగల్లేదు. గేటుకు తగిలింది.

జూన్ 18

నాలుగు సీసాలు. నాచు పొడి, బెల్లం నీళ్ళు, కొన్న కల్చర్ — ఒకే ఒక జాతి బ్యాక్టీరియా, పెరుగులో ఉండే రకం, సీలు వేసి వచ్చింది. ఇంకే జీవీ చొరబడకూడదు. చేతులకు తొడుగులు, మూతికి మాస్కు, పక్కన స్పిరిట్ దీపం. ఒక్కో మూతలోంచి ఒక రబ్బరు గొట్టం, గొట్టం కొస నీళ్ళలో. లోపల బతికి ఉంటే నీళ్ళలో బుడగలు వస్తాయి. నాలుగూ ఇంక్యుబేటరులో, ఒకే వేడి నిలిపే పెట్టెలో, పెట్టాను.

ఉన్న నాచులో సగం అయిపోయింది. ఇంకో సంచి తెప్పించే టైము లేదు.

జూన్ 21

బుడగలు!!

ముత్తమ్మ మోకాళ్ళు వాచి ఉన్నాయి. మెట్లెక్కి వచ్చి, సీసాల ముందు నిలబడి — "ఆ పిప్పి జరంత ఇస్తే కట్టుకుంట మేడం." వద్దక్కా. ముందు గుడ్డు మీద చూడాలి, తర్వాత కణాల మీద, ఎలుకల మీద, చివరికి మనుషుల మీద. అన్నిటికీ కాగితాలు కావాలి. "మరి మా వావిలాకుకు ఎవలిచ్చిండ్రు కాయితం?"

చాయ్ తాగాం ఇద్దరం.

జూన్ 23

పేపర్లు దిద్దే డ్యూటీ. మూడు రోజులు ఖమ్మంలో. ఇప్పుడే రావాలా ఇది.

"అక్కా, నా నాలుగు సీసాలు నీకే అప్పజెప్తున్నా. బుడగలు చూస్తూ ఉండు" అన్నాను. ముత్తమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని, మళ్ళీ అడిగింది — "నాకేనా?" నీకే. "సరె. పొయిరాండ్రి."

జూన్ 24

ఖమ్మం. ఎండ. ఫ్యాను తిరుగుతోంది, గాలి రావట్లేదు. ప్రశ్న: వాపు లక్షణాలు నాలుగు రాయుము. ఒక మహానుభావుడు — ఎరుపు, వేడి, నొప్పి, ఏడుపు. పూర్తి మార్కులు వేశాను. ఏడుపు లేని వాపు నేనెక్కడా చూడలేదు.

జూన్ 27

కొంప మునిగింది.

నేను వెళ్ళిన రోజే కాలేజీ సందులో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. రెండు రోజులు కరెంటు లేదు. కరెంటు పుట్టే ఊళ్ళో! మేడ మీద రేకుల ల్యాబు, ఆ ఎండ… ఇంక్యుబేటరు పొయ్యిలా తయారైంది. మూడు సీసాలు చచ్చాయి. బుడగ లేదు, వాసన భరించలేం. పారబోశాను. పోసిన చోటే కూర్చుని కాసేపు ఏడ్చాను కూడా. ఎవరూ చూడలేదు.

కానీ మూడో నంబరు బతికుంది. గొట్టం లోంచి గుడగుడ… గుడగుడ… పక్కవి మూడూ పోయి అదొక్కటే ఎలా?

ఎలాగైతేనేం. మొండిది. నా లాంటిది.

ముత్తమ్మ సీసాలు కడుగుతోంది. కడిగినదాన్నే మళ్ళీ కడుగుతోంది.

జూలై 1

వడకట్టడం, పులుపు విరిచెయ్యడం అయింది. పులుపు ఉంటే పరీక్ష తప్పుదారి పడుతుంది. రేపు గుడ్డు పరీక్ష. కిరాణా కొట్టు ఆయన — "మేడం, ఇంట్ల ఇద్దరే గద ఉంటరు? డజను గుడ్లా?" సైన్సు అండీ. "అవ్ అవ్, సైన్సు. నాటుకోడియి ఉన్నయి, ఇయ్యనా?"

జూలై 2

తేటగా ఉంది.

మళ్ళీ రాస్తాను. తేటగా ఉంది!

తెల్లసొనలో ఏమీ కలపకుండా వేడి చేస్తే పాలలా తెల్లబడుతుంది. వాపు తగ్గించే నొప్పి మాత్ర కలిపిన గాజు గొట్టం తేటగా నిలబడుతుంది. ఏడేళ్ళలో నా నాచు రసం కలిపిన ప్రతి గొట్టమూ పాలే. ఇవాళ మూడో సీసా రసం — మాత్ర గొట్టం పక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. లేబుల్ చూసుకున్నాను. రెండుసార్లు. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి.

ముత్తమ్మ రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పాను. "మోకాళ్ళు మేడం, మోకాళ్ళు!"

ఇంటికి జిలేబీ. ఈయన, "ఇగ డాక్టరమ్మ అనాల్నా నిన్ను?" అను. ఇప్పటి నుంచే అను.

జూలై 3

మళ్ళీ చేశాను. మళ్ళీ తేట. గైడు సారుకు ఫోన్ — ఆయన నవ్వడం నేను వినడం ఇదే మొదలు. "కల్చర్ స్వచ్ఛంగా ఉందా? స్లయిడ్ చూసి ఫోటో పంపించమ్మా. కమిటీ మొదట అదే అడుగుతుంది."

జూలై 4

మైక్రోస్కోపు. ఒకే రకం కనిపించాలి — పొట్టి కడ్డీలు, అంతే. కనిపించింది జాతర. కడ్డీలు, గుండ్రాలు, జంటలు, గొలుసులు, మొగ్గ తొడిగిన ఈస్టు… నా సీలు వేసిన సీసాలో!

గాలిలోంచి ఇంత రాదు. ఎవరో పోశారు. గది తాళం ఉన్నది ఇద్దరి దగ్గరే.

జూలై 5

ముత్తమ్మను అడిగాను. కింద చూపు, చీపురు చేతిలో. ఊడవడం ఆపి —

"సచ్చిపోతున్నయ్ మేడం. బుడగ ఆగింది. ఇంక్యుబేటరు తలుపు తీసి ఇసిరిన, నీళ్ళ గుడ్డ సుట్టిన. అయినా ఆగింది. నా తాన అన్నానికి తెచ్చుకున్న అంబలుంది. పైన తేటతేట పుల్లనీళ్ళు ఉంటయి గద, అవి ఒక సీసాకే సరిపొయినయ్."

జొన్న అంబలి. తన మధ్యాహ్నం తిండి.

నాకెందుకు చెప్పలేదు అక్కా? "అప్పజెప్పిన కుండ మన చేతిల సావొద్దు. మా అత్త నేర్పింది. సచ్చేటట్టుంటె మన కుండల్నుంచి పొయ్యాలె. పోసినమని సెప్పొద్దు. సెప్తె అవతలోళ్ళ కుండ మంచిది గాదన్నట్టయితది."

అప్పుడు ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఏడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశావన్నాను. చదువు లేనిదానికి అప్పజెప్పడం నాదే బుద్ధి తక్కువన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇక్కడ రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

ఆమె చీపురు గోడకు ఆనించి వెళ్ళిపోయింది.

జూలై 6

రాలేదు.

జూలై 7

రాలేదు. గొట్టాలు నేనే కడిగాను. రెండు పగిలాయి.

ఈయనకు అంతా చెప్పాను. అన్నం కలుపుతూ విన్నాడు. "తేటగయిందా లేదా?" అయింది. "పోసిన సంగతి నీకు, ఆమెకు తప్ప ఎవలకు తెల్సు?" ఇప్పుడు నీకు. "నేనెవలకు చెప్తా? షిఫ్టుల టర్బైనుకు చెప్తనా?"

జూలై 8

చెప్పను.

జూలై 9

పోయిన ఏడాది స్లయిడ్ ఫోటో ఒకటి ఫోనులో ఉంది. శుభ్రమైన కడ్డీలు, ఒకే జాతి. పంపితే చాలు. పంపితే ఆగస్టు గండం గట్టెక్కుతుంది. పేరు ముందు డాక్టర్ వస్తుంది. వేలు దాని మీదే… చాయ్ చల్లారింది.

వేరేవాళ్ళు ఇదే సీసా మళ్ళీ పెడితే పాలే వస్తాయి. వాళ్ళు కూడా ఏడేళ్ళు గొట్టాలు కడుక్కుంటూ కూర్చుంటారు. ఫోను బోర్లించి పెట్టాను.

జూలై 10

చెప్పాను. గైడు సారుకు, పొద్దున్నే, పళ్ళు కూడా తోముకోకుండా. ధైర్యం నీళ్ళు పోసుకునేదాకా నిలుస్తుందో లేదోనని.

సారు అంతా విని — "ఆ అంబలి ఇంకా దొరుకుతుందా?"

జూలై 12

ములకలపల్లి రోడ్డు మీద బస్సు దిగి, అక్కడి నుంచి టేకు చెట్ల మధ్య ఆటో. ముత్తమ్మ ఇల్లు అడిగితే ఊరంతా చెయ్యి చూపించింది. చేతిలో బిస్కెట్ ప్యాకెట్, సంచిలో ఉడకబెట్టి మూత బిగించిన ఖాళీ సీసా.

ముత్తమ్మ వాకిట్లో వావిలాకు కాచి మోకాళ్ళకు కట్టుకుంటోంది. నన్ను చూసి లేవబోయింది. లేవకు అక్కా అన్నాను. తప్పు మాట అన్నాను అన్నాను. ఇంకా ఏదో పెద్దగా తయారుచేసుకుని వెళ్ళాను, బస్సులో రెండుసార్లు వల్లె వేశాను కూడా, అదంతా మర్చిపోయాను. ఆమె కట్టు ముడి బిగించి — "తిన్నరా?"

వాళ్ళ అత్త తీరు వేరే. ఎముకల గూడు, గొంతు మాత్రం గంట. కోడలితో వాళ్ళ భాషలో ఏదో అని, నాతో తెలుగులో — "పులుపడిగినోళ్ళకు లేదనం బిడ్డా. కని ఉత్త చేతులతోటి వస్తె పొయ్యం. పిడికెడు జొన్నలు నీయి ఈ కుండల పడాలె. అప్పుడది నీ కుండ గూడ అయితది."

బిస్కెట్లు లెక్కలోకి రావట. దుకాణానికి పోయి జొన్నలు కొనుక్కొచ్చాను. దంచమంది. రోకలి పట్టి ఎన్నాళ్ళయింది… రెండు పోట్లు నేల మీదే పడ్డాయి. పక్కింటి వాళ్ళు కూడా చూడ్డానికి వచ్చారు. పిండి కుండలో కలపమంటే అలవాటు కొద్దీ సంచిలోంచి తొడుగులు తీశాను. ముసలమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"చేతికి అంగీ తొడుగుతవా? చెయ్యి తగలకుంటె ఎట్ల పులుస్తది?"

సూక్ష్మజీవుల మీద నేను చెప్పే పాఠం మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది. తొడుగులు తీసేసి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. చల్లగా, జిగటగా, చిన్న చిన్న బుడగలు వేళ్ళ మధ్యలోంచి పైకి… ఎంత బావుందో.

రేపు పొద్దున ఎవరూ ఎంగిలి పడకముందే పుల్లనీళ్ళు పోసిస్తుందట. రాత్రికి ఇక్కడే పడక. ఈయనకు ఫోన్ చేస్తే — "కుండను చూడబోయి కాపురం పెట్టినవా?"

జూలై 13

సీసా నిండా తెచ్చాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని. పక్కన ముత్తమ్మ. పనికి వచ్చేసింది.

జూలై 16

సార్ చెప్పినట్టు రెండు జట్లు, ఈసారి తేడా బాగా తెలిసేలా అయిదారు వారాలు పులియాలట. ఒకటి అంబలి నీళ్ళు, నాచు. ఇంకోటి అంబలి నీళ్ళు మాత్రమే. ఎందుకంటే — తేటదనం నాచు వల్లా, అంబలి వల్లేనా? ఈ ప్రశ్న నాకు ముందే తట్టింది. తట్టనట్టు ఉన్నానంతే.

ఉన్న నాచంతా పోసేశాను. సంచి దులిపాను.

జూలై 20

బుడగలే బుడగలు. ఇంక్యుబేటరుకు ఇన్వర్టరు. ఈయన కొనిచ్చాడు, మాటల్లేకుండా. నేను కూడా మాటల్లేకుండా చేపల పులుసు పెట్టాను.

ఆగస్టు 5

వరంగల్. కమిటీ.

ఫైలు నిండా కాగితాలు. మొత్తం చెప్పాను — కరెంటు, సీసాలు, ముత్తమ్మ, అంబలి. ఒకాయన, మెడలో కళ్ళద్దాలు వేలాడుతూ — "కల్చర్ ఎక్కడిదమ్మా?" ములకలపల్లి రోడ్డులో ఒకరింటి కుండలోది సార్. "ఇది థీసిసా, వంటల పుస్తకమా?" అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. రెండూ కావచ్చు సార్ అన్నాను.

గైడు సారు ఒక్కటే అన్నారు — "ఆమె చెప్పకపోతే మనకు తెలిసేది కాదు."

బయట వరండాలో కూర్చోబెట్టారు. చాలాసేపు. గోడ మీద బల్లి. పిలిచారు. తీర్పు: ఈ నెలాఖరులోపు పరీక్ష. అంబలి ఒక్కటే ఉన్న గొట్టం కన్నా నాచు కలిసిన గొట్టం తేటగా ఉంటే కొనసాగింపు. రెండూ ఒకేలా ఉంటే నాచు చేసిందేమీ లేదన్నమాట. ఇంతటితో సరి.

న్యాయమే.

ఆగస్టు 6

బస్సులో అంతా ఆలోచన. అంబలి ఒక్కటే చాలంటే అదీ ఒక వార్తే కదా. పెద్ద వార్తే. కాకపోతే నా వార్త కాదు. నాకు డాక్టరు కావాలని ఉంది. ఎంత ఉందో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా.

ఆగస్టు 9

ముత్తమ్మ పరీక్ష ఎప్పుడని అడిగింది. ఇంకా రెండు వారాలు అన్నాను. అన్నాళ్ళుంటే పులుపు చెడుతుందట, పది రోజులకు తగ్గించమంది.

ఆగస్టు 19

వడకట్టాను. పులుపు విరిచాను. రెండు రసాలూ ఒకే రంగు, ఒకే వాసన. లేబుళ్ళు నేను వెయ్యలేదు. ముత్తమ్మతో చుక్కలు పెట్టించాను, నేను అటు తిరిగి. ఏది ఏదో నాకు తెలిస్తే నా కళ్ళు నాకే అబద్ధం చెప్తాయి. ఎన్ని చుక్కలది ఏదో కాగితం మీద గీసి, మడిచి, ఆమె బొడ్డున దోపుకుంది.

ఆగస్టు 20

పొద్దున పదకొండు. గొట్టాలు వేడినీళ్ళ తొట్టిలో. మూత వేసి ఉంది. లోపల నాలుగు వరుసలు — ఏమీ కలపనిది, నొప్పి మాత్ర, రెండు రకాల చుక్కలు. ఇంకా కాసేపు ఆగాలి. చేతులు ఊరుకోక ఇది రాస్తున్నాను.

ముత్తమ్మ స్టూలు తెచ్చుకుని తొట్టి ముందే కూర్చుంది. "ఇందుల ఏది గెలిస్తె మనం గెల్సినట్టు మేడం?"

నాచు, అంబలి కలిసింది అక్కా. అది గెలిస్తే నాకు డాక్టరు.

"మరి ఇంకోటి?"

మీ అంబలి ఒక్కటే. అది దీంతో సమానంగా నిలబడితే నేను ఓడిపోతాను.

ముత్తమ్మ మోకాలు ఒత్తుకుంది. "అది మా అత్త కుండ. ఇది మీ సీసా. మరి నేనేం మొక్కాలె?"

ఏది నిజమో అదే రావాలని మొక్కు అక్కా అన్నాను. పెద్ద గొప్పగా. క్లాసులో చెప్పే గొంతుతో. ఆమె సరేనని కళ్ళు మూసుకుంది.

ఈ పేజీ ఎవరూ చూడరు కాబట్టి — నేను మాత్రం నాచుకే మొక్కుతున్నాను.

తొట్టి మీద ఎర్ర దీపం ఆరింది, టైము అయింది. ముత్తమ్మ బొడ్డులోంచి కాగితం తీసింది. మూత తియ్యండ్రి అంటోంది…